నేల దాచిన సొమ్ము

ఉప్పాడ తీరమునందు బంగారము దొరకునను మాట మన గోదావరి ప్రాంతమువారికి క్రొత్తది కాదు. తుపాను వెలిసిన మఱునాడు అలలు వెనుదిరిగిన తడియిసుకపై స్త్రీలును బిడ్డలును వంగి, పుల్లలతోను, దువ్వెనలతోను, వట్టి వ్రేళ్లతోను ఇసుకను గీరుచు, ఆవగింజంత పసుపు మెఱుపు కొఱకు పొద్దంతయు కనిపెట్టుకొని యుందురు. 2020వ సంవత్సరము నవంబరు మాసమున నివర్ తుపాను తీరమును కలచి వెడలిన పిదప బంగారు రేణువులు దొరికినవని వార్త పుట్టగా, చుట్టుప్రక్కల జనమంతయు అచ్చటనే గుమిగూడెను. సముద్రము మ్రింగిన పాత కోవెలల సొమ్ము, కూలిన యిండ్ల సొమ్ము అలలు మరల తెచ్చి యిచ్చుచున్నవని అచటి పెద్దలు చెప్పుదురు. మేమును ఆ గుంపులో నిలువబడి చూచితిమి. ఒక ముసలమ్మ అఱచేతిలోని రేణువును మాకు చూపి, "ఇది యెవరి ముక్కుపుడకలోనిదో, తల్లీ!" అని మాత్రము పలికి కొంగున ముడివైచుకొనెను. ఆ మాటను మేము మఱువలేకపోతిమి. ఇంగ్లండు దేశమునందలి సఫోక్ మండలములో యంత్రము చేతబట్టి ఇసుకను వెదకిన దినములలో అది మాకు పదేపదే జ్ఞప్తికి వచ్చినది. ఆ వృత్తాంతమునే యిచట వ్రాయుచున్నాము.

మా మఱది సఫోక్‌లోని ఇప్స్‌విచ్ పట్టణమున ఉద్యోగము చేయుచు భార్యాబిడ్డలతో కాపురముండెను. తోడికోడలికి రెండవ కానుపు సమీపించినప్పుడు పురుడు పోయుటకు ఆమెకు కన్నతల్లి లేదు. ఆ యిల్లాలు అంతకు ముందటి శీతకాలముననే పరమపదించెను. మావారికి పాఠశాల పని విడిచి వచ్చుటకు వీలు చిక్కకపోవుటచే మేమొక్కరమే బయలుదేరితిమి. లండనునుండి రైలెక్కినచో గంటకు కొంచెము మించిన కాలములో ఇప్స్‌విచ్ చేరవచ్చును. ఆ సీమలో కొండలన్నవి లేవు. గోధుమయు, బార్లీయు, చక్కెర బీటుదుంపయు పండు చేలు కంటికి ఆనినంత దూరము పరచుకొని యున్నవి. నడుమనడుమ చెకుముకిరాళ్లతో కట్టిన ప్రాచీనమైన చర్చీలు, గులాబిరంగు పూసిన గోడలపై గడ్డికప్పు గల యిండ్లు, తూర్పున ఉత్తర సముద్రము. మన కోనసీమవలె చదునైన నేలయే గాని కొబ్బరిచెట్టు లేని లోటొక్కటి తోచినది.

ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు సుఖముగా నుండిరి. మూడవనెల గడచిన పిదప ఒకనాటి సాయంకాలము తోడికోడలు బిడ్డకు నూనె రాయుచు తన బోసివ్రేలిని చూచుకొని కన్నీరు పెట్టుకొనెను. ముందటి యేటి వేసవిలో వారు సముద్రతీరమునకు పోయినప్పుడు, తల్లి తన వ్రేలినుండి తీసి "నీకు కూతురు పుట్టినచో దానికి" అని యిచ్చిన బంగారు టుంగరము ఇసుకలో జారిపోయెనట. చన్నీటిలో వ్రేళ్లు సన్నగిల్లును. అట్టి సమయముననే ఉంగరములు ఎక్కువగా జారిపోవునని యచటివారు చెప్పుదురు. ఆ సంగతి తల్లికి తెలుపుటకు నోరు రాక ఆమె ఊరకుండెను. అంతలో ఆ తల్లియే పోయెను. "అమ్మకు చెప్పియైన చెప్పలేదు, అక్కయ్యా" అనుటయే ఆమె దుఃఖము. దానికొఱకే మా మఱది మెటల్ డిటెక్టరు అని పిలువబడు లోహశోధక యంత్రమును కొనియుంచెను. కాని కానుపు తొందరలో దానిని పెట్టెనుండి వెలికి తీయుటకే తీరికలేకపోయెను.

ఆ యంత్రము చూచుటకు ఏమంత ఘనమైనది కాదు. బారెడుకు తక్కువగా నుండు తేలికపాటి గొట్టము. క్రిందికొనను అన్నము తిను పళ్లెమంత గుండ్రని చక్రము. పైకొనను చిన్న పెట్టెయు, చేతిపిడియు. బరువు కిలోకు కొంచె మెక్కువ. టార్చిలైటులో వేయు బ్యాటరీలవంటివే దీనికిని చాలును. క్రొత్తగా నేర్చువారికై చేసినదగుటచే వెల సుమారు 100 పౌనులు. మన రూపాయలలో పదివేలకు పైబడును. ఇంతకు పదింతల వెల గలవియు నున్నవి.

విమానాశ్రయమునందు రక్షకభటులు మన దేహముచుట్టు త్రిప్పు పలక దీని చెల్లెలని చెప్పినచో సోదరీమణులు సులభముగా గ్రహింపగలరు. చక్రములో రాగితీగ చుట్టలు రెండుండును. ఒక చుట్టలో విద్యుత్తు క్షణమునకు వేలకొలది పర్యాయములు దిక్కు మార్చుకొనుచు ప్రవహించి నేలలోనికి అయస్కాంతశక్తిని ప్రసరింపజేయును. ఆ శక్తి లోహమును తాకినయెడల లోహములో చిన్నచిన్న విద్యుత్సుడులు పుట్టును. ఆ సుడులు తమవంతు శక్తిని వెలువరింపగా రెండవ చుట్ట దానిని పసిగట్టి మన చెవికి ధ్వనిగా వినిపించును. ఇనుమునకు బొంగురు ధ్వని, వెండికిని రాగికిని సన్నని ధ్వని. చిన్న నాణెమైనచో జానెడు లోతునకు లోపల నున్నప్పుడే తెలియును. పాతాళమునందలి నిధులను చూపునని కొందరు తలచుట వట్టి భ్రమ.

ఈ సాధనమునకు మూలము లోభము కాదని తెలిసి మేము సంతసించితిమి. 1881వ సంవత్సరమున అమెరికా దేశాధ్యక్షుడు గార్‌ఫీల్డు తుపాకిదెబ్బ తిని మంచము పట్టినప్పుడు, దేహములో దాగిన గుండును కనుగొనుటకు టెలిఫోను నిర్మాత యగు అలెగ్జాండర్ గ్రహాంబెల్ ఇట్టి యంత్రమును తెచ్చి పరీక్షించెను. ఆ ప్రయత్నము సఫలము కాలేదు; పఱుపులోని ఉక్కుచుట్టలు యంత్రమును తికమకపెట్టుట అందుకొక కారణమని చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధమునందు పోలండు దేశపు సైనికోద్యోగి జోసెఫ్ కొసాట్స్కి నేలలో పాతిన మందుపాతరలను కనిపెట్టు యంత్రమును రూపొందింపగా, 1942లో ఎల్ అలమైన్ యుద్ధభూమిలో అది పెక్కుమంది ప్రాణములను నిలిపెను. ప్రాణరక్షణకై పుట్టిన సాధనము కాలక్రమమున వినోదముగను, వెదకులాటగను మాఱినది.

ఒక ఆదివారమునాడు లోస్టాఫ్ట్ అను పట్టణమునకు పోయితిమి. బ్రిటను దేశమునకు తూర్పుకొస యది. అచటి తీరమున మన కాకినాడవలె విశాలమైన యిసుక గలదు. వెదకుటకు కావలసిన యనుమతిని మఱది ముందుగనే పొందియుండెను. ఆ దేశమున పోటుపాటుల నడిమి తీరభూమిలో దాదాపు సగము రాజసంపత్తి సంస్థకు చెందినదట. తక్కినది వేఱువేఱు యజమానులది. ఎవరి నేలయో తెలియక ఎచటను యంత్రమును దింపరాదు.

వెదకుట చూచినంత సులభము కాదు. చక్రమును నేలకు సమానముగ, అంగుళమంత యెత్తున పట్టి, ఇల్లూడ్చునట్లు ఎడమనుండి కుడికి మెల్లగా త్రిప్పవలెను. ఒక ఊడ్పు మఱియొక ఊడ్పును కొంత కప్పుచుండవలెను. త్వరపడిన యెడల నడుమ వదలినచోటనే మనది యుండును. తడియిసుకపైకి పోగానే యంత్రము అకారణముగ కూయసాగెను. ఉప్పునీరును విద్యుత్తును ప్రసరింపజేయునుగదా. తక్కువ వెల యంత్రములు ఉప్పునీటిని చూచి లోహమని భ్రమించును. అందుచే శక్తిని తగ్గించి, ఎక్కువ భాగము పొడియిసుకలోనే వెదకితిమి.

తొలుదొల్త రెండు గడియలలో మాకు దొరికిన భాగ్యము వినుడు: సీసామూతలు 11, పానీయపు డబ్బాలను తెఱచునప్పుడు ఊడు రేకు చెవులు 23, గాలపు సీసపుగుండ్లు 4, ఒక బొమ్మకారు, తుప్పుపట్టిన మేకులు లెక్కలేనన్ని. రేకుచెవుల బాధ తాళలేక, "ఈ ధ్వని వచ్చినప్పుడు త్రవ్వకుండ యంత్రమునే సరిచేయరాదా?" అని మేమడిగితిమి. మఱది నవ్వి యిట్లనెను: "చేయవచ్చును, వదినా. కాని బంగారు టుంగరము ధ్వనియు అదియే. రేకును వలదన్నచో ఉంగరమునుగూడ వలదన్నట్లే యగును." ఈ మాట మాకు శాస్త్రవాక్యమువలె తోచినది. చెత్తయని తోసివేయువానికి సువర్ణము దొరకదు. నాటినుండి ప్రతి రేకుచెవిని మేమే త్రవ్వి తీసి సంచిలో వేసితిమి. త్రవ్విన గుంటను పూడ్చుటయు, చెత్తను ఇంటికి గొనిపోవుటయు అచటి మర్యాద. ఆ తీరమున యుద్ధకాలపు పేలని గుండ్లు నేటికిని బయల్పడుచుండుట కలదు గనుక తెలియని ఇనుపగడ్డ కనబడినచో ముట్టక రక్షకభటులకు తెలుపవలెను.

పొద్దు వాలుచుండెను. తోడికోడలు బిడ్డను శాలువలో చుట్టి ఎత్తుకొని, పోయిన యేడు తాము కూర్చున్న స్థలమును చూపుచు, "ఇక్కడ, కాదు, ఆ మెట్లకు ఇవతల" అని చాలసేపు తిరిగెను. ఏడాదిలో సముద్రము ఇసుకను ఎన్నిమాఱులు తిరుగవేసినదో! కడపట తానే వచ్చి మా చేతినుండి యంత్రమును తీసికొని, "చాలు, అక్కయ్యా. చెయ్యి నొచ్చును" అని మాత్రమనెను. ఉంగరము దొరకలేదు.

తిరుగుదారిలో డనిచ్ అను పల్లెలో ఆగితిమి. నేడది యొక వీథియు, కొన్ని యిండ్లును మాత్రమే. కాని మధ్యయుగమున అది గొప్ప రేవుపట్టణము. 1286వ సంవత్సరము జనవరి మొదటి దినమున పుట్టిన తుపానుతో దాని పతనము ప్రారంభమయ్యెను. 1328లో వచ్చిన మఱియొక తుపాను రేవును పూడ్చెను. పిమ్మట ఒక్కొక్క వీథి, ఒక్కొక్క చర్చి సముద్రగర్భమున కలిసెను. కడపటి ప్రాచీన చర్చి 1904 మొదలు కొంచెము కొంచెముగ కొండచఱియ మీదినుండి జారి, 1919లో గోపురముతోగూడ కూలెను. ఆ గులకఱాళ్ల తీరమున నిలువబడినప్పుడు ఉప్పాడ మా కన్నులకు కట్టినది. ఉప్పాడలో అలల కోతకు ఇండ్లు కూలినవారు పెట్టె బేడ నెత్తిన పెట్టుకొని వెనుకకు జరుగుచు వచ్చుట మనమెఱిగినదే. సముద్రము తీసికొన్న ఊరు రెండు దేశములందును ఒక్కటే.

ఆ రాత్రి ఇంటికి చేరిన తర్వాత మఱది యంత్రమును తుడిచి గోడకు చేరవేసి, "ఉంగరము పోయినను, కొన్నందుకు దీనితో పని నేర్చుకొందము" అనెను. అతనితో పనిచేయు మిత్రుని తండ్రి వృద్ధుడైన రైతు. గోధుమ కోసిన పొలములో వెదకుటకు ఆయన అనుమతి నొసగెను. పత్రము వ్రాసికొనిరి. ద్వారములు మూయవలెను, గుంటలు పూడ్చవలెను, ఏది దొరికినను ముందుగ తనకు చూపవలెను, విలువగలది దొరికినచో సమభాగములు.

ఆ దేశమున చట్టము స్పష్టముగ నున్నది. 1996వ సంవత్సరపు నిధుల చట్టము ననుసరించి, మూడువందల యేండ్లకు పైబడిన బంగారు, వెండి వస్తువులుగాని, ఒకచోట రెండును అంతకు మించియు బంగారు, వెండి నాణెములుగాని దొరికినచో, పదునాలుగు దినములలోపల అధికారికి తెలుపవలెను. వస్తుప్రదర్శనశాల వానిని గైకొనినచో వెల కట్టి, దొరికించుకొన్నవానికిని భూస్వామికిని బహుమానముగ నొసగును. నిధి యనిపించుకొనని చిన్నవస్తువులను సైతము చూపి నమోదు చేయించుటకు 1997 మొదలు యొక యేర్పాటు కలదు. ఒక్కొక్క మండలమున ఇందుకై ఒక యుద్యోగి యుండును. ఇట్లు నమోదైన వస్తువులు పదిలక్షలకు మించినవి.

ఈ చట్టము పుట్టుటకు తోడ్పడిన కథ సఫోక్‌లోనిదే. హాక్సన్ అను పల్లెలో 1992వ సంవత్సరము నవంబరు మాసమున ఒక రైతు తన సుత్తిని పొలములో పోగొట్టుకొని, యంత్రము గల యొక ముసలి స్నేహితుని సాయమడిగెను. ఎరిక్ లాస్ అను నాయన సుత్తికై వెదకగా వెండిచెంచాలును బంగారునాణెములును బయల్పడినవి. ఆయన కొంత తీసి, వెంటనే పాఱ ఆపి అధికారులకు తెలిపెను. పురావస్తుశోధకులు మఱునాడే వచ్చి పదిలముగ త్రవ్విరి. రోమను కాలపు నాణెములు 14,865, వెండిపాత్రలు, చెంచాలు, స్త్రీల యాభరణములు వెలువడెను. ఒక కంకణముపై జూలియానా యను సువాసిని పేరును, దానిని సుఖముగ ధరింపుమను దీవెనయు చెక్కబడి యున్నవి. రాణివలె అలంకరించుకొన్న స్త్రీరూపమున మిరియాలు చల్లుకొను వెండిపాత్ర యొకటి కలదు. ఆ కాలమున మిరియములు వారికి మన దక్షిణదేశమునుండియే ఓడలపై పోయెడివి! పదిలముగ త్రవ్వుటచేతనే అవి కొయ్యపెట్టెలో, చిన్న వెండితాళములు వేసిన భరిణెలలో, సర్ది పెట్టబడిన వరుస తెలియవచ్చెను. అనగా ఒక గృహిణి తన సొమ్మును ఎట్లు మూటగట్టి దాచెనో పదునాఱు శతాబ్దముల పిమ్మట లోకమునకు తెలిసినది. ఆ సుత్తియు దొరికినది; అదియు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియమున నున్నది. ఎరిక్ లాసునకు 17 లక్షల 50 వేల పౌనులు బహుమానమిచ్చిరి. ఆయన రైతుతో పంచుకొనెను.

దీనికి ప్రతిగ 2015లో హెరిఫర్డ్‌షైర్ మండలమున ఇద్దరు వేయేండ్ల నాటి నాణెముల నిధిని కనుగొని దాచి విక్రయించిరి. 2019లో వారికి చెఱసాల ప్రాప్తించినది. నాణెములలో పెక్కులు నేటికిని చిక్కలేదు. ఏ రాజులు ఏ కాలమున ఎట్లు పొత్తు కూడిరో చెప్పగల సాక్ష్యము దానితోబాటు చెదరిపోయినది.

పొలమునకు పోవు త్రోవలో మఱది ఈ కథలు చెప్పుచుండగా, పెద్దవాడు ఎనిమిదేండ్ల బాలుడు మా చేయి పట్టుకొని, "దొడ్డమ్మా! మనకే దొరికినది గదా. జేబులో వేసికొన్నచో ఎవరికి తెలియును?" అని యడిగెను. సమాధానము చెప్పవలసిన మేము మా చేతిగాజులను చూచుకొని తలవంచుకొంటిమి. కారణము వ్రాయుటకు సిగ్గుగ నున్నది; అయినను వ్రాయకతప్పదు.

మా మాతామహుల యింట దొడ్డిగోడకు పునాది త్రవ్వుచుండగా మట్టిముంత యొకటి దొరికెనట. నిండ పాత బంగారు నాణెములు. తెల్లవాఱకముందే కంసాలిని పిలిపించి కరగించిరి. ఆ బంగారము మా అమ్మమ్మ చేతి కడియములై, మా తల్లి గొలుసై, తుదకు మా పెండ్లిలో ఈ నాలుగు గాజులైనది. నాణెములపై నేముండెనని మేము చిన్నతనమున అడిగినప్పుడు అమ్మమ్మ చాలసేపు తలచుకొని, "ఒకదానిపై ముఖముండెనే, అమ్మాయీ. ఆడుదో మగవాడో తెలియలేదు" అని చెప్పినది. అంతియే. ఏ రాజో, ఏ దేశమో, ఎవరు ఏ భయమున దాచిరో చెప్పగల నోరు కంసాలి మూసలో కరగిపోయినది.

ఆ రాత్రి ఫోనులో మావారికి ఈ సంగతి చెప్పితిమి. చరిత్ర చెప్పు పంతులుగారు గనుక ఆయన నెల్లూరి కథ జ్ఞప్తి చేసిరి. 18వ శతాబ్దపు చివరిభాగమున నెల్లూరి సమీపమున ఒక రైతు దున్నుచుండగా నాగటికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వి చూడగా చిన్న కోవెల శిథిలములు, వాని క్రింద ఒక ముంతలో రోమను బంగారునాణెములు. అతడు వానిని పాతబంగారమని అమ్మివేసెను. పెక్కులు కరగిపోగా ముప్పదికి కొంచెము పైగా మాత్రము నవాబుగారి చేతికి చిక్కినవి. "ఆ కొద్ది మిగులుటచేతనే మన తీరమునకు రోముతో నుండిన వర్తకమునకు నెల్లూరు సాక్ష్యము పలికినది. మీవారి ముంత ఏమి పలుకవలసి యుండెనో!" అని ఆయన నొచ్చుకొనిరి. తప్పు పట్టలేదు, అందుచేతనే మాకు మఱింత బాధ కలిగినది.

మన దేశమునందును చట్టము లేకపోలేదు. 1878వ సంవత్సరపు నిధి చట్టము ప్రకారము భూమిలో దాగి దొరికిన సొమ్ము పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెను. కాని మన పల్లెలలో గుప్తనిధుల పేరిట అర్ధరాత్రమున పాడుపడిన కోవెలలలో లింగములను పెకలించువారిని, నందుల పొట్టలు పగులగొట్టువారిని గూర్చి వినుచునే యున్నాము. ఆ దేశమునను అట్టివారు లేకపోలేదు. వారిని నిశాచర డేగలని పిలుతురట. ఇప్స్‌విచ్‌కు దగ్గఱనున్న రెండల్‌షామ్ పల్లెలో ఒక భూస్వామి పొలమును రాత్రివేళ అట్టివారు త్రవ్విపోవుచుండిరి. ఆయన మండలాధికారులకు మొఱపెట్టుకొనగా, 2008 మొదలు అనుమతి పొందిన కొలదిమంది స్వచ్ఛంద శోధకులు అవే యంత్రములతో పగటివేళ పొలమంతయు అడుగడుగున వెదకి, దొరికిన ప్రతి ముక్క స్థానమును గుఱుతించిరి. ఆ గుఱుతుల వలననే అది ప్రాచీన తూర్పాంగ్లియా రాజుల నివాసమని తేలినది. 2022లో త్రవ్వగా 23 మీటర్ల పొడవుగల రాజసభాభవనపు ఆనవాళ్లు బయల్పడినవి. యంత్రము ఒక్కటే. పగలు పట్టిన చేయి రాజనగరును చూపినది. రాత్రి పట్టిన చేయి గుంటలు మిగిల్చినది.

రైతు పొలములో మూడు దినములు తిరిగితిమి. కోసిన మొదళ్లు కాళ్లకు గ్రుచ్చుకొనుచుండెను. గుండీలు, గుఱ్ఱపు నాడాముక్కలు, తుపాకి సీసపుగుండ్లు దొరికినవి. మూడవనాటి మధ్యాహ్నము సన్నని ధ్వని వినబడగా పెద్దవాడు మట్టిని వ్రేళ్లతో తొలగించెను. బొటనవ్రేలికొనంత రాగిమిశ్రమపు టోపి బయల్పడెను. నిండ చిన్నచిన్న గుంటలు. కుట్టుపనివేళ సూది గ్రుచ్చుకొనకుండ వ్రేలికి తొడుగుకొనునది; మన దర్జీలు అంగుస్తానా అందురు. లోపలి మట్టి తీసి తోడికోడలు తన వ్రేలికి పెట్టిచూచెను. కొలత సరిపోయినది. "ఎవరిదో, అక్కయ్యా! పొలమునకు అన్నము తెచ్చి, గట్టున కూర్చుండి కుట్టుకొనుచు పోగొట్టుకొన్నదేమో. ఇంటికి పోయి ఎంత వెదకినదో!" అనెను. ఆమె కన్నులలో నీరు తిరిగెనుగాని యీమాఱది దుఃఖముగ మాత్రమే తోచలేదు.

రైతునకు చూపగా నవ్వి దానిని ఆమెకే యిచ్చెను. మండలపు ఉద్యోగిని దానిని పరిశీలించి, రెండుమూడు శతాబ్దముల నాటిదని చెప్పి, తూచి, చిత్రము తీసి, దొరికిన తావును సంఖ్యలతో వ్రాసికొనెను. వెల యేమియు లేనిదే. అయినను అంత గౌరవము చేసిరి. "చూచితివా, నాయనా! జేబులో వేసికొన్నచో ఇది వట్టి రేకు. చోటు చెప్పినచో ఇది ఒక అమ్మ" అని మేము బాలునకు అప్పుడు సమాధానము చెప్పగలిగితిమి.

బయలుదేరుటకు ముందు తోడికోడలు తన యుంగరపు వర్ణన వ్రాసి, లోపలివైపు చెక్కిన తల్లి పేరుతోగూడ, లోస్టాఫ్ట్ తీరమున వెదకువారి సంఘమునకు పంపెను. ఏనాటికైన ఎవరి చేతికైన దొరకునేమో. దొరకకపోయినను, అది తన తల్లిదని చెప్పినట్లు మాత్రమైనది.

ఇంటికి వచ్చిన పిదప మేమును ఒక పని చేసితిమి. అమ్మమ్మనోట విన్నంతవఱకు ముంత దొరికిన ఊరు, దొడ్డి, గోడదిక్కు, సుమారైన కాలము, నాణెముపై ముఖమున్నదను మాట సర్వమును వ్రాసి, మావారి చేవ్రాలుతో రాష్ట్ర పురావస్తుశాఖకు పంపితిమి. మా మేనమామలకిది రుచింపలేదు. "చచ్చిపోయిన సంగతిని త్రవ్వనేల?" అని కోపించి కొంతకాలము మాటలాడలేదు. గాజులు మా చేతులకే యున్నవి. కాని యిప్పుడు వానిని చూచినప్పుడు తల దించుకొనవలసిన పని కొంత తగ్గినది.

సోదరీమణులారా! మనయిండ్లలో పునాది త్రవ్వునప్పుడుగాని, నూయి పూడిక తీయించునప్పుడుగాని ముంతయో, చెంబో, పాతబిళ్లయో బయల్పడినచో మగవారు కంసాలిని పిలుతుమందురు. అప్పుడు "ముందుగ ఎక్కడ దొరికినదో గుఱుతు పెట్టి, తహసీల్దారుగారికి కబురంపుడు" అని చెప్పవలసినది మనమే. ఏలయన, ఆ ముంతను నాడు మూటగట్టి పాతినది మనవంటి యొక యిల్లాలే కావచ్చును. ఆమె పేరు మనకు తెలియదు. ఆమె దాచినచోటొక్కటే ఆమె మనతో పలుకగల మాట. దానిని కరగింపకుందుము గాక!